చివర్లో బలం వచ్చే దేశం

డయాలిసిస్ సెంటర్‌లో కుర్చీ ఖాళీగా ఉండదు. శనివారం అతను లేచి వెళ్ళిన కుర్చీలో మంగళవారం పొద్దున ఒక తెల్లావిడ కూర్చుని ఉంది. కాళ్ళ మీద దుప్పటి, ఒళ్ళో ఏదో అల్లిక. అతనేడని నర్సమ్మను అడిగాను, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో. ఆమె ఫిలిప్పీన్స్ మనిషి, పొద్దున ఐదున్నరకు కూడా నవ్వగలదు. ఆ రోజు నవ్వలేదు. ఒక పేషెంటు సంగతి ఇంకొక పేషెంటుకు చెప్పకూడదు, రూలు, అంది. అని నా భుజం మీద చెయ్యి వేసింది. రూలు రూలే అయితే చెయ్యి వేయకూడదు. వేసిందంటే చెప్పినట్టే.

సాయంత్రం మా అమ్మాయి వాళ్ళకూ వీళ్ళకూ ఫోన్ చేసి కనుక్కుంది. సోమవారం మధ్యాహ్నం, ఆఫీసు పార్కింగ్ లాట్‌లో, కారులోనే పోయాడట. పక్క సీట్లో టిఫిన్ డబ్బా మూత తీయకుండా ఉందట. మాకు మంగళ, గురు, శనివారాల్లో రక్తం కడుగుతారు. శనివారానికీ మంగళవారానికీ మధ్య రెండు రోజుల ఎడం వస్తుంది. ఆ ఎడం మంచిది కాదని ఆ కుర్చీల్లో కూర్చున్న అందరికీ తెలుసు. తెలిసి ఏం చేస్తాం? ఆదివారం సెంటర్ తలుపు తీయరు.

అతనికి నలభై ఒక్కటి. పేరు రాయను. రాస్తానంటే అతని భార్య వద్దంది. "పేరు చూసి ఊళ్ళో నలుగురూ మా బావగారిని అంటారు మేస్త్రి గారూ. మా ఆయనకది ఇష్టం ఉండదు" అంది. పోయిన మనిషి ఇష్టాయిష్టాల సంగతి నాకు తెలియదు. బతికున్న మనిషి అడిగింది కనక రాయడం లేదు.

పొడుగు మనిషి. జులై ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా. ఎడమచేతి లోపల, సూదులు గుచ్చే చోట, నరం ఉబ్బి తాడులాగా పైకి లేచి ఉండేది. అది ఆఫీసులో ఎవరి కంటా పడకూడదు. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోతుంది, ఇన్సూరెన్స్ పోతే ఈ కుర్చీ పోతుంది, వీసా ఎట్లాగూ పోతుంది. ఈ మూడింటినీ ఒక చొక్కా చెయ్యి కింద దాచుకుని తిరిగిన మనిషి. ఐదున్నరకు కుర్చీ ఎక్కి, పదింటికి దిగి, మొహం కడుక్కుని, రూట్ 46 మీద ఆఫీసుకు పోయేవాడు.

మా పలకరింపులు బయటివాళ్ళకు అర్థం కావు. లోపలికి రాగానే త్రాసు ఎక్కాలి. రెండు రోజుల్లో ఒంట్లో ఎంత నీరు చేరిందో అది చెబుతుంది, అంత నీరూ మెషీన్ తోడేస్తుంది.

"ఇవాళ ఎంత తెచ్చారు మేస్త్రి గారూ?"

"రెండున్నర కిలోలు. నువ్వు?"

"మూడూ ఎనిమిది వందలు."

"అంత తాగితే ఎట్ల తమ్మీ? కాలువ మీద పుట్టిన బుద్ధి పోలే నీకు."

"మీది బోరుబావి బుద్ధి కదండీ, ఎండిపోయినా బతికేస్తారు."

అతనిది తెనాలి పక్క పల్లె. మాది సూర్యాపేట దగ్గర. అవి తెలంగాణ గొడవ జోరుగా ఉన్న రోజులు. ఇక్కడ అమెరికాలో, మేముండే పార్సిప్పనీలో మనవాళ్ళు ఒకరింటి భోజనాలకు ఒకరు పోవడం కూడా తగ్గించారు. మేమిద్దరం మాత్రం వారానికి పన్నెండు గంటలు పక్కపక్కన పడి ఉండేవాళ్ళం. పారిపోదామన్నా సూదులు వదలవు.

నీళ్ళు తాగకూడదు కనక గ్లాసులో ఐసు ముక్కలిస్తారు. అతను వాటిని లెక్కపెట్టుకుని తినేవాడు. ఆటలో తన వంతు అయిపోయి మీట నొక్కాక ఒక ముక్క నోట్లో వేసుకునేవాడు. వంతు పూర్తికాకపోతే, ముక్క గ్లాసులో కరిగిపోతున్నా సరే, ముట్టుకునేవాడు కాదు.

ఆ ఆట సంగతి చెప్పాలి. మొదటి వారం అతని లాప్‌టాప్‌లో చిన్న చిన్న మనుషులు, పొలాలు, కొండలు చూసి, "ఏందది, సిన్మానా?" అని అడిగాను.

"కాదండీ, గేమ్. దేశాలు కట్టే ఆట."

"కట్టేదా? ఎవరు కడతరు?"

"మనమే. ముందు ఒక ఊరు, తరవాత పొలాలు, గోడలు, సైన్యం. ఒకరి వంతయ్యాక ఒకరు. మీరు అన్నీ చేసుకుని 'ఎండ్ టర్న్' నొక్కేదాకా అవతలివాడు కదలడు. గంట ఆలోచించినా ఆగుతుంది." తరవాత తనలో తను అన్నట్టు అన్నాడు, "ఆగేది ఇదొక్కటేనండీ."

నాకు ఎడమచేతి వాటం. అందుకని సూదులు కుడిచేతికి గుచ్చేవాళ్ళు. అతనికి ఎడమచేతికి. కుర్చీల మధ్య చక్రాల బల్ల, దాని మీద లాప్‌టాప్. అతని కుడిచెయ్యి, నా ఎడమచెయ్యి. ఇద్దరికీ కలిపి ఒక మనిషికి సరిపడా చేతులు.

"ఇంగ్లీషు చదవగలరా?" అన్నాడు.

"తెలుగే నలభై ఆరో ఏట నేర్సుకున్న."

అప్పటిదాకా ఎందుకు నేర్చుకోలేదని అందరూ అడుగుతారు. అతను, ఆ ఏడే ఎందుకు నేర్చుకున్నారని అడిగాడు. చెప్పాను. ఒక సారు ఇల్లు కట్టాను. గుమ్మం పైన బిగించమని పాలరాయి పలక మీద ఇంటిపేరు చెక్కించి తెచ్చారు. మట్టం పెట్టి, తూకం చూసి, వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించాను. తలకిందులుగా. గృహప్రవేశం నాడు చుట్టాలంతా మెడలు వంచి చూస్తుంటే పనితనం చూస్తున్నారనుకున్నాను.

ఈ కథ విని నవ్వనివాణ్ణి నేను చూడలేదు. అతను నవ్వలేదు. "బిగించి ఎన్ని రోజులైంది అప్పటికి?" అన్నాడు.

"నాలుగు."

"నాలుగు రోజులు ఆ ఇంట్లో తిరిగినవాళ్ళందరికీ చదువొచ్చు కదండీ. మరి ఒక్కళ్ళూ తలెత్తి చూడలేదా? అయితే తప్పు మీ ఒక్కరిదే కాదు. ఎవరూ టెస్ట్ చెయ్యలేదు." అతని ఉద్యోగం అదే, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములను విరిగేదాకా వాడి చూడటం. ఇరవై రెండేళ్ళ సిగ్గులో సగం ఆ పొద్దున దించేశాడు.

తరవాత తెర మీద ఒక మాట చూపించి, ఒక్కో అక్షరం వేలుపెట్టి చదివించాడు. "వాల్స్. గోడలు. మీకు ముందు కావాల్సింది ఇదే." నాకు ఇంగ్లీషులో చదవడం వచ్చిన మొదటి మాట అది.

ఒక కాగితం ఉండేది అతని దగ్గర, గళ్ళు గీసి, రంగులు వేసి. ఏ దేశానికి ఎక్కడ బలం, ఎప్పుడు బలం. అన్ని దేశాలనూ ఒక్కొక్కటిగా ఆడి, ఓడి, రాసుకున్నాడు. గళ్ళు మూడే. మొదట్లో, మధ్యలో, చివర్లో.

"మంగోలువాడికి గుర్రమండీ. మొదట్లో వాణ్ణి ఎవడూ ఆపలేడు. పక్కన నాలుగు ఊళ్ళు మింగుతాడు. తరవాత వాటికి తిండి పెట్టలేక చస్తాడు. రోమువాడిది రోడ్డు. ఎక్కడికైనా అందరికంటే ముందు చేరతాడు, మధ్యలో వాడి రాజ్యం. బాబిలోనువాడు చదువుకుంటాడు. అన్నీ ముందే కనిపెడతాడు, కానీ కాపలా పెట్టుకోడు. కనిపెట్టింది పక్కవాడు పట్టుకుపోతాడు."

"మన దేశమో?"

"మనకి జనమండీ. ఊళ్ళు తొందరగా పెరుగుతాయి. పెరిగేకొద్దీ లోపల గొడవలు. వాళ్ళని బుజ్జగించడానికే సగం ఆట అయిపోద్ది."

"ఆట జేసినోడెవడో గానీ సరిగ్గనే చేసిండు. మేస్త్రీలు ఎవరి దగ్గర ఉన్నరు?"

"ఈజిప్టు. కట్టుబడి పని వాళ్ళకి సగం రోజుల్లో అయిపోద్ది. రథాలు కూడా ముందే వస్తాయి."

"నాకది చాలు. నువ్వే దేశం?"

"అమెరికా."

"గ్రీన్‌కార్డు వచ్చిందా?"

"ఇందులో అప్లై చెయ్యక్కర్లేదండీ, ఊరకే ఇస్తారు." నవ్వితే పక్కటెముకలు పట్టుకునేవాడు. "కానీ అమెరికావాడికి మొదట్లో ఏమీ ఉండదు. గుర్రం లేదు, రథం లేదు, గోపురం లేదు. మధ్యలో కూడా అంతంతే. చివర్లో మాత్రం వాడి ముందు ఎవడూ నిలబడడు. మొత్తం కాగితంలో చివరి గడిలో ఇంత బలం ఇంకెవరికీ లేదు."

"చివరిదాకా బతకాలె గదా తమ్మీ."

"అందుకేగా ఒప్పందాలు."

అదీ అతని పద్ధతి. ఎప్పుడాడినా అమెరికాయే. పక్కనున్న దేశంతో, అంటే కంప్యూటర్ నడిపే పర్షియాతో, మొదటి వంతుల్లోనే స్నేహ ఒప్పందం. ఆ సరిహద్దులో ఒక్క సిపాయి ఉండేవాడు కాదు. గోడలకు పెట్టే రాయంతా పొలాలకూ బడులకూ పెట్టేవాడు, చివర్లో బలం రావాలని. పర్షియావాడు రెండుసార్లు ఒప్పందం తెంపి మీద పడ్డాడు. మూడోసారి కూడా ఇతను వాడితో మళ్ళీ సంతకాలు చేసుకున్నాడు.

"నీకు బుద్ధి ఉన్నదా? రెండు మాట్లు తన్నినోడు మూడోసారి ముద్దు పెట్టుకుంటడా?"

"సంతకం పెట్టాడు కదండీ."

"సంతకం నేనూ పెడ్త. నలభై ఆరేండ్లు ఏలిముద్ర ఏసినోణ్ణి, నాకు తెల్వదా సంతకం ఎంతదో?"

నేను మాత్రం రథాలతో పోయి అతని సరిహద్దు ఊళ్ళు పట్టుకునేవాణ్ణి. ఊళ్ళకు తన పక్క పేర్లే పెట్టుకున్నాడు, పొన్నూరు, రేపల్లె, వేమూరు అని. "వేమూరు తెలంగాణలో కలిసింది" అనేవాణ్ణి. "హైదరాబాద్ మాత్రం నాకొదిలెయ్యండి" అనేవాడు. అతనికి కాళ్ళు కొంకర్లు పోయి మెలితిరిగిపోతున్న రోజు నేను రథాలను ఊరికే ఉంచితే కనిపెట్టేశాడు. "జాలిపడ్డారా? చేసింది చాలు గానీ మళ్ళీ ఆడండి." రెండే నియమాలు పెట్టాడు. జాలిపడి ఆడకూడదు. ఒకరి వంతు ఇంకొకరు ముట్టుకోకూడదు. అతని వంతు వస్తే తెర నల్లబడుతుంది, నేను తల తిప్పేసుకోవాలి. అతని దేశం లోపల ఎట్లా ఉంటుందో నేనెన్నడూ చూడలేదు.

అతని జబ్బుకు మందు ఒకటే, ఇంకొకరి కిడ్నీ. భార్యది సరిపడలేదు. ఊళ్ళో ఉన్న సొంత అన్నది సరిపడింది. విజయవాడలో పరీక్షలు చేయించి కాగితాలు పంపారు. "నాకున్న రెండిట్లో ఒకటి నీదేరా" అన్నాడట అన్న. ఆ మాట అతను నాకెన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఇక్కడి ఆసుపత్రి లిస్టులో కూడా పేరుంది, పోయినవాళ్ళ కిడ్నీ ఎప్పుడన్నా సరిపడితే పిలుస్తారు. కానీ అతని ఆశంతా అన్న మీదే.

అన్న మొదట మూఢం అన్నాడు. మూఢంలో ప్రయాణం పనికిరాదని.

"మూఢంల పెండ్లి చెయ్యరు. కిడ్నీ కోసేటందుకు మూఢమేంది?"

"నాకది శుభకార్యమే కదండీ."

తరవాత మినుము తీతలు. తరవాత కూతురి ఓణీల ఫంక్షన్. తరవాత ఆషాఢం. ప్రతి కారణమూ అతను నాకు అన్న గొంతుతో చెప్పేవాడు, తను కూడా ఒప్పుకున్నట్టు. ఎట్టకేలకు శ్రావణంలో అన్న హైదరాబాద్ పోయి వీసా తెచ్చుకున్నాడు, పదేళ్ళది. టికెట్ బుక్ అయింది. అతను నర్సమ్మలందరికీ లడ్డూల పెట్టె తెచ్చాడు. తను తినకూడదు. మూత తీసి వాసన చూసి ఇచ్చేశాడు.

ఆ రోజుల్లోనే నేనొక ఇంటికి పోయి నోరు పారేసుకున్నాను. మా అమ్మాయి స్నేహితుల గృహప్రవేశం. ముప్పై ఏళ్ళు గోడలు కట్టినవాణ్ణి, వేలితో గోడ కొట్టి చూశాను. డబడబలాడింది. "గిది గోడనా? అట్టపెట్టె. గట్టిగ తుమ్మితే అవతల పడ్తది" అన్నాను. ఇంటావిడ కళ్ళల్లో నీళ్ళు. కారులో మా అమ్మాయి మండిపడింది.

"నిన్నెవరన్న అడిగిర్రా నాన్నా? ఒకరి ఇంటి సంగతి మనకెందుకు? నీ నోటికి నాకు నలుగురిల తలెత్తుకునే దారి లేకుండ పోతంది. ఇగ ఎవరి ఇంటి సంగతిల నోరు పెట్టనని నా తల మీద ఒట్టెయ్యి."

వేశాను. కారు నడుపుతున్న బిడ్డ తల మీద చెయ్యి పెట్టి వేశాను.

ఆ తరవాత పదకొండో రోజు, గురువారం. మెషీన్లు మూడో గంటలో ఉన్నాయి. అతని ఫోన్ మోగింది. రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి, ఫోన్‌ను ఛాతీకి ఆనించుకుని నా వైపు తిరిగాడు.

"మేస్త్రి గారూ, కిడ్నీ ఉందంటున్నారు. ఎవరో యాక్సిడెంట్‌లో పోయారంట. గంటలో చెప్పాలంట."

నేను లేచి కూర్చోబోతే మెషీన్ కుయ్యిమంది.

"అన్నయ్య రావడానికి ఇంకా పంతొమ్మిది రోజులేనండీ. బతికున్న మనిషిదైతే ఎక్కువ కాలం పనిచేస్తుందని డాక్టర్లే చెప్పారు. అంత దూరం బయల్దేరాక ఇప్పుడు అక్కర్లేదంటే, నన్ను నమ్మలేదా అనుకోడూ? లిస్టులో పేరు ఎలాగూ ఉంటుంది. మీరేమంటారు?"

ముప్పై ఏళ్ళు కూలీలను పిలిచినవాణ్ణి. రేపొస్తానని చెప్పే మనిషి గొంతు నాకు తెలుసు. వచ్చేవాడు ఎన్నింటికని అడుగుతాడు. రానివాడు కారణాలు చెబుతాడు. ఆ అన్నను నేను చూడకపోయినా, ఏడాదిన్నరగా అతని నోటి వెంట వింటున్నాను. రాడు. రెండక్షరాలు. నాలుక చివర ఉన్నాయి.

మా అమ్మాయి తల నా అరచేతికి తగిలింది.

"అది మీ అన్నదమ్ముల సంగతి తమ్మీ. నేనేం చెప్త? నీకెట్ల తోస్తే అట్ల చెయ్యి."

నా మొహంలోకి కాసేపు చూశాడు. "మీరు కాదనలేదంటే పరవాలేదన్నమాట" అని ఫోన్ చెవికి పెట్టుకుని వద్దని చెప్పాడు. మర్యాదగా, థాంక్యూ కూడా చెప్పాడు. మేస్త్రికి నోట్లో మాట దాచుకోవడం రాదని అతని నమ్మకం. నేను దాచుకున్నది ఆ ఒక్క రోజే.

రెండు వారాలు తిరగకముందే, ఒక శనివారం త్రాసు దిగి వచ్చి కూర్చున్నాడు. ఎంత తెచ్చావంటే చెప్పలేదు. సూదులు గుచ్చడం అయ్యాక అన్నాడు.

"అన్నయ్య రావట్లేదండీ. వదిన పిల్లల తలల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకుందంట. ఆవిడ తప్పేం లేదు, వాళ్ళకీ పిల్లలున్నారు."

నేను ఊరుకోలేకపోయాను. ఊరుకోవాల్సింది అప్పుడు. "నాకు ఆనాడే తెలుసు తమ్మీ. రాడని" అన్నాను.

అతను నా వైపు తల తిప్పాడు. "తెలుసా? మరి చెప్పలేదేం?"

"నా బిడ్డ మీద ఒట్టుండె. ఒకరింటి సంగతిల మాట్లాడనని."

అతను నవ్వాడు. నవ్వే అది. పక్కటెముకలు పట్టుకోలేదు. "మీరు కూడానా" అన్నాడు.

ఊళ్ళో అతని అన్న నోరూ ఇక్కడ నా నోరూ ఒకే తాడుతో కట్టేశారు. మధ్యలో అతను. నేను తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, తిట్టలేదు. లాప్‌టాప్ నా వైపు జరిపాడు. "కానివ్వండి, మీ వంతు."

ఆ తరవాత ఏడు నెలలు బతికాడు. ఆసుపత్రి నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. ఇతను ఫోన్ చేస్తే అన్న ఎత్తడం మానేశాడట, అయినా ప్రతి ఆదివారం చేసేవాడని భార్య చెప్పింది. ఆట మాత్రం మారింది. ఒక్కో వంతుకు చాలాసేపు తీసుకునేవాడు. గ్లాసులో ఐసు మొత్తం నీరైపోయేది. నీరు తాగకుండా పక్కన పెట్టేవాడు. కాగితం మళ్ళీ తీయలేదు. "చివరి గడి ఇంకా రాలేదా?" అని ఒకసారి ఎగతాళి చేశాను. "ఆ కాగితంలో ఒక తప్పుందండీ. ఏ దేశం ఎప్పుడు పోతుందో రాసే గడి పెట్టలేదు" అన్నాడు.

చివరి శనివారం నా వంతు నొక్కేసి తల తిప్పుకున్నాను. సరిహద్దు అడవి వెనక రాళ్ళు విసిరే బండ్లు తొమ్మిది దాచాను, రేపల్లె మీద పడటానికి. వచ్చే వంతుకు అడవి దాటాలి. లోపల ఉబలాటంగా ఉంది. అతని వేలు టకటకమంటూనే ఉంది.

"ఎంతసేపయ్యా?"

"ఇల్లు సర్దుకుంటున్నానండీ."

ఇంతలో నర్సమ్మ వచ్చి సూదులు తీసేసింది. అతని కాళ్ళు పట్టేశాయి, లేచి కుంటుకుంటూ రెండడుగులు వేశాడు. "నొక్కలేదు, నా వంతు అలాగే ఉంది. మంగళవారం చూద్దాం" అని లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాడు.

శవాన్ని పెట్టెలో ఊరికి పంపారు. విమానం దగ్గర దించుకోవడానికి అన్న వచ్చాడట, పెట్టె మీద పడి ఏడ్చాడట. ఏడ్చే ఉంటాడు. అతని పాస్‌పోర్టులో అమెరికా వీసా ఇంకా చెల్లుతుంది, పదేళ్ళది.

భర్త వీసా మీద ఉన్న మనిషి కనక భార్య కూడా వెళ్ళిపోవాలి. బయల్దేరే ముందు మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడి లాప్‌టాప్ నా చేతిలో పెట్టింది. "నాకీ ఆట రాదండీ. పారేయబుద్ధి కావట్లేదు" అంది. నాకు ఆమెతో ఆ గురువారం ఫోన్ సంగతి చెప్పాలనిపించింది. ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. చెప్పలేదు. దీనికి మాత్రం ఏ ఒట్టూ లేదు, భయమే.

పది రోజులకు తెరిచాను. ఆట అతను ఆపిన చోటే ఉంది, అతని వంతులో. అందుకని మొదటిసారి అతని దేశం లోపలినుంచి చూశాను. పొలాలు నీటుగా గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. పర్షియా సరిహద్దు పొడుగునా కోటలు. ప్రతి ఊరికీ గోడలు. పొన్నూరుకు గోడ, వేమూరుకు గోడ, సముద్రం వైపు ఊళ్ళకు కూడా గోడ, ప్రతి గోడ మీదా కాపలా. ఏడు నెలలు ఆ వేలు టకటకలాడింది దీనికి. ఒప్పందాలన్నీ రద్దు చేసుకున్నాడు.

నా వైపు ఏమీ లేదు. రేపల్లెకు గోడ లేదు, సిపాయి లేడు. పొలం గట్టు దాటితే నా అడవి, అడవి వెనక నా తొమ్మిది బండ్లు.

అక్కడిదాకా రావడానికి టైము చాలలేదేమో. మేస్త్రిని కాబట్టి చెబుతున్నాను, గోడ కట్టేవాడు ఏదో ఒక వైపు చివరకు ఉంచుకుంటాడు. భయం లేని వైపును ఉంచుకుంటాడు. "మీరు కూడానా" అన్నాక కూడా నన్ను ఆ వైపు ఎట్లా ఉంచుకున్నాడో నాకు తెలియదు. అడగడానికి మనిషి లేడు.

ఒకరి వంతు ఇంకొకరు ముట్టుకోకూడదన్నాడు. ముట్టుకున్నాను. రేపల్లె మీద నొక్కితే ఏమేం కట్టొచ్చో జాబితా వచ్చింది. ఒక్కో అక్షరం వేలుపెట్టి చదువుకుంటూ కిందికి దిగాను. వాల్స్ అని ఉన్న చోట ఆగి నొక్కాను.

కట్టడానికి ఏడు వంతులు పడుతుందని చూపించింది.